అమ్మానాన్నలకు హెల్త్ పాలసీ: బీపీ, షుగర్ ఫారంలో రాయాలా వద్దా? రూమ్ రెంట్ లిమిట్ ఎంత ముఖ్యం?

పాలసీ_వెతుకులాట:

నాన్నగారికి 63, అమ్మకు 58. నాన్నగారికి తొమ్మిదేళ్లుగా బీపీ, నాలుగేళ్లుగా షుగర్. రెండింటికీ మాత్రలే, ఇన్సులిన్ లేదు. 2013లో కిడ్నీలో రాయి తీశారు. అమ్మకు థైరాయిడ్ తప్ప ఇంకేమీ లేదు. ఇద్దరికీ ఇప్పటిదాకా ఏ పాలసీ లేదు.

నెల రోజులుగా చూస్తున్నాను. ఎవరిని అడిగినా ఒకటే సుత్తి: "ఇవాళే కట్టండి, రేపు రేటు పెరుగుతుంది." సూటిగా అడిగినదానికి సూటిగా జవాబు రావడం లేదు. తెలిసినవాళ్లు ఈ నాలుగింటికి చెప్పండి.

"బీపీ అందరికీ ఉండేదే, రాస్తే రిజెక్ట్ అవుతుంది, వదిలేయండి" అని ఇద్దరు ఏజెంట్లు అన్నారు. నిజమేనా? ఒక పాలసీలో రూమ్ రెంట్ 1 శాతం, ఇంకోదాంట్లో సింగిల్ ప్రైవేట్ రూమ్, మూడోదాంట్లో లిమిట్ లేదు. ప్రీమియంలో తేడా బాగానే ఉంది, ఆ తేడా పెట్టడం దండగా? అందరికీ కలిపి ఒకే ఫ్లోటర్ తీసుకోవచ్చా? డబ్బు కట్టాక మెడికల్ టెస్టులు చేసి వద్దంటే ఆ డబ్బు సంగతేంటి?

ఫైలు_చదువరి:

మొదటిదానికి నేను చెబుతాను. తక్కినవన్నీ దాని తర్వాతే.

రాయండి. బీపీ, షుగర్, 2013 ఆపరేషన్, అమ్మగారి థైరాయిడ్, అన్నీ రాయండి. వదిలేయమన్న ఏజెంటుకు మీ ఫారం పాసైతే కమిషన్ వస్తుంది. క్లెయిమ్ పోతే ఆయనకు పోయేదేమీ లేదు. క్లెయిమ్ రోజు ఆ ఫారం కింద ఉండేది మీ నాన్నగారి సంతకం, లేదా ఆయన ఫోన్‌కి వచ్చిన ఓటీపీ.

దాచినది ఎలా బయటపడుతుందో చూడండి. ఆస్పత్రిలో చేర్చిన పది నిమిషాలకు డ్యూటీ డాక్టర్ వచ్చి పాత జబ్బులేంటని అడుగుతారు. ఆ కంగారులో పక్కనున్నవాళ్లు "షుగర్ ఉందండీ, ఓ పదేళ్ల నుంచి" అంటారు. అసలు నాలుగేళ్లే. కానీ కేస్ షీట్‌లో "10 ఏళ్లు" అని పడుతుంది, అదే డిశ్చార్జ్ సమ్మరీలోకి ఎక్కుతుంది. బీమా కంపెనీవాళ్లు ఆ సమ్మరీలో ముందు చూసేది పాత జబ్బుల లైనే. పాలసీ తేదీకి ముందే జబ్బు ఉందనీ, ఫారంలో "లేదు" అని ఉందనీ తేలితే క్లెయిమ్ తిరస్కరిస్తారు, పాలసీ రద్దు నోటీసు కూడా పంపవచ్చు. చేరిన కారణానికీ దాచిన జబ్బుకూ సంబంధం లేకపోయినా రద్దు ప్రమాదం ఉంటుంది.

కాబట్టి జబ్బు మొదట తేలిన నాటి ప్రిస్క్రిప్షన్ ఎక్కడున్నా వెతికి స్కాన్ చేసి ఫోన్‌లో పెట్టుకోండి. చేర్చేటప్పుడు ఏ ఏడాది నుంచి అన్నది అంచనాగా చెప్పకుండా అది చూసి చెప్పండి. సమ్మరీ తప్పుగా పడితే డిశ్చార్జ్ కాకముందే, పాత కాగితం చూపించి, వైద్యం చేసిన డాక్టర్‌తోనే సరిచేయించి సంతకం పెట్టించండి. వారం తర్వాత తెచ్చిన దిద్దుబాటును కంపెనీ అనుమానంగానే చూస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ముందే ఉన్న జబ్బు అంటే పాలసీకి ముందు 36 నెలల్లోపు నిర్ధారణ అయినదో, వైద్యం జరిగినదో అని నిర్వచనం. అది చూసి 2013 నాటి రాయి ఆపరేషన్ రాయక్కర్లేదనుకుంటారు. ఆ నిర్వచనం వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక ఆ జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని కాలం) లెక్కకు. పాలసీ కోసం మీరు నింపే ప్రపోజల్ ఫారంలో ప్రశ్న "ఎప్పుడైనా ఆపరేషన్ జరిగిందా" అని ఉంటే, ఎప్పుడైనా అంటే ఎప్పుడైనానే. అడిగిన ప్రశ్నకు అడిగినట్టే జవాబు రాయాలి.

రాసేటప్పుడు "బీపీ ఉంది" అని వదిలేయకండి. ఏ ఏడాదిలో తేలింది, మాత్ర పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు, ఈ మధ్య చేయించిన హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) ఎంత, ఇవన్నీ ఇవ్వండి. అండర్‌రైటింగ్ చేసేవాళ్లకు, అంటే మీ ఫారం చూసి పాలసీ ఇవ్వాలా వద్దా అని తేల్చే కంపెనీవాళ్లకు, మాత్రలతో అదుపులో ఉన్న షుగర్ వేరు, వివరాలే లేని షుగర్ వేరు. వివరం లేనిదానికి లోడింగ్ (జబ్బు చూసి వేసే అదనపు ప్రీమియం) ఎక్కువ వేయడమో, పక్కన పెట్టేయడమో చేస్తారు.

రాస్తే ఏమవుతుంది? మామూలుగా మూడింటిలో ఒకటి: ప్రీమియం మీద లోడింగ్, ఆ జబ్బులకు వెయిటింగ్ పీరియడ్, లేదా తిరస్కరణ. 2024 ఏప్రిల్ 1 నుంచి ముందే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ 36 నెలలు మించకూడదు, అంతకుముందు 48 ఉండేది. కొన్ని కంపెనీలు అదనపు ప్రీమియం తీసుకుని బీపీ, షుగర్‌లకు దీన్ని బాగా తగ్గిస్తాయి. మీకు ఆ రైడర్ (అదనంగా కొనే కవర్) అడగడం అవసరం. గుండె, కిడ్నీ సమస్య ఏది వచ్చినా షుగర్‌తో ముడిపెట్టే అవకాశం ఉంది కదా.

దీనితోపాటు శుక్లాలు, హెర్నియా, మొలలు, కిడ్నీ రాళ్లు, కీలు మార్పిడి లాంటి వాటికి విడిగా ఒక జాబితా ఉంటుంది, చాలా పాలసీల్లో 24 నెలలు. ఒకే జబ్బు రెండు చోట్లా పడితే ఎక్కువ ఉన్న గడువు వర్తిస్తుంది. నాన్నగారి రాళ్ల విషయంలో ఇది ముందే అడిగి మెయిల్‌లో రాయించుకోండి. ప్రమాదాలు తప్ప మిగతా దేనికైనా మొదటి 30 రోజులు కవర్ ఉండదు, అది అందరికీ ఉన్నదే.

"ఐదేళ్లు గడిస్తే ఇక ఎవరూ అడగరు" అని కూడా చెబుతుంటారు. తెగకుండా 60 నెలలు కట్టాక, దాచారన్న కారణంతో కంపెనీ క్లెయిమ్ ఆపలేదు, నిజమే. కానీ మోసం అని రుజువు చేస్తే ఆ రక్షణ లేదు. పైగా 63 ఏళ్ల మనిషి ఐదేళ్లు ఆస్పత్రి గడప తొక్కకుండా ఉంటారని లెక్క వేసుకుని పాలసీ తీసుకోవడం చాలా ప్రమాదం.

బిల్లింగ్_కౌంటర్:

రూమ్ రెంట్ సంగతి అంకెలతోనే చెప్పాలి. మాటల్లో చెబితే "గది అద్దెలో తేడా మనం కట్టుకుంటే సరి" అనిపిస్తుంది. అది నిజం కాదు.

5 లక్షల పాలసీ, రూమ్ రెంట్ 1 శాతం, అంటే రోజుకు 5,000. గది తీసుకున్నది 8,000ది, 4 రోజులు. బిల్లు ఇలా ఉందనుకోండి: గది 32,000. సర్జన్, అనస్థీషియా, ఆపరేషన్ థియేటర్, డాక్టర్ విజిట్లు కలిపి 1,20,000. మందులు, ఇంప్లాంట్ 90,000. పరీక్షలు 18,000. బీమాలో రాని వస్తువులు 6,000. మొత్తం 2,66,000.

గదికి 20,000 ఇస్తారు, 12,000 మీది. అందరూ ఇక్కడితో ఆగుతారు. కానీ 8,000లో 5,000 అంటే 62.5 శాతం. సర్జన్, థియేటర్ ఖర్చులు కూడా అదే నిష్పత్తిలో కోస్తారు. 1,20,000కి 75,000 వస్తుంది, 45,000 పోతుంది. ఎందుకంటే చాలా ఆస్పత్రుల్లో అదే ఆపరేషన్‌కు, అదే డాక్టర్‌కు గదిని బట్టి రేటు మారుతుంది. పై గది తీసుకున్నందుకు పెరిగిన రేటు మాకు సంబంధం లేదని కంపెనీ వాదన. మందులు, ఇంప్లాంట్, పరీక్షల మీద ఈ కోత వేయకూడదు, కాబట్టి 1,08,000 పూర్తిగా రావాలి. చివరికి వచ్చేది 2,03,000. మీ జేబు నుంచి 63,000.

పాలసీలో 20 శాతం కో-పే (ప్రతి క్లెయిమ్‌లో మీరు భరించాల్సిన వాటా) కూడా ఉంటే ఆ 2,03,000లోంచి ఇంకో 40,600 పోతుంది. చేతికి 1,62,400, మీరు కట్టేది 1,03,600. పెద్దవాళ్ల కోసమని అమ్మే పాలసీల్లో ఈ కో-పే తరచుగా కనిపిస్తుంది. ప్రీమియం తక్కువగా ఉంటే ముందు చూడాల్సింది అదే.

అంచేత లిమిట్ లేని పాలసీకి పెట్టే తేడా దండగ కాదు. అది మరీ భారమైతే సింగిల్ ప్రైవేట్ రూమ్ చాలు. కాకపోతే ఆస్పత్రిలో సింగిల్ రూముల్లోనే రెండు మూడు రకాలు ఉంటాయి. మాట పాలసీలో ఎలా ఉందో అక్షరం అక్షరం చదవండి. "సింగిల్ ప్రైవేట్ ఏసీ రూమ్" అని ఉంటే డీలక్స్ తీసుకున్నారా, పైన చెప్పిన కోత మొదలవుతుంది. గది ఇచ్చేముందు ఇన్సూరెన్స్ డెస్క్‌లో "నా పాలసీ ప్రకారం ఏ కేటగిరీ" అని అడిగి, వాళ్లు చెప్పినది అడ్మిషన్ ఫారం మీద రాయించండి.

అదే ఆస్పత్రిలో గదిని బట్టి రేట్లు మారకపోతే ఈ కోత వేయకూడదని నిబంధన ఉంది. ఐసీయూ చార్జీలకూ వేయకూడదు. వేసినట్టు కనిపిస్తే ఆస్పత్రి టారిఫ్ కాగితం తీసుకుని కంపెనీకి రాయండి. మందులు, పరీక్షల మీద కూడా కోశారేమో సెటిల్‌మెంట్ లెటర్‌లో వరుస వరుసా చూడండి.

బీమాలో రాని వస్తువుల జాబితాలో 68 ఉన్నాయి: డైపర్లు, క్రేప్ బ్యాండేజ్, స్లింగ్, నడుము బెల్టు, లాండ్రీ లాంటివి. చిన్న ఆపరేషన్‌కు ఇది కొద్ది మొత్తమే, రోజుల తరబడి ఉండాల్సి వస్తే పెద్దదవుతుంది. వీటిని కూడా కవర్ చేసే కన్స్యూమబుల్స్ రైడర్ పెద్దవాళ్లకు పనికొచ్చేదే.

టాపప్_లెక్కలు:

ఫ్లోటర్ వద్దు. కనీసం మీతో, మీ పిల్లలతో కలిపి అస్సలు వద్దు. ఫ్లోటర్ ప్రీమియం అందరిలోకీ పెద్ద వయసు చూసి కడతారు. నాన్నగారి 63 మీ అందరి రేటునూ పైకి లాగుతుంది, పైగా ఆయన ఒక్కసారి చేరితే మొత్తం కరిగిపోవచ్చు. ఇక్కడ ఆయనకు జబ్బులున్నాయి, అమ్మగారికి దాదాపు లేవు. ఇద్దరికీ విడివిడిగా తీసుకుంటే అమ్మగారి పాలసీ తేలిగ్గా పాసవుతుంది, ఆయన ఫైలు నలుగుతున్నా ఆమె కవర్ ఆగదు.

పెద్ద మొత్తానికి ఒకే పాలసీ ఖరీదెక్కువైతే 5 లక్షల బేస్ (అసలు పాలసీ), దానిపైన 5 లక్షల డిడక్టిబుల్‌తో, అంటే ఖర్చు 5 లక్షలు దాటాకే ఇచ్చే, సూపర్ టాపప్ చూడండి. "సూపర్" అన్న మాట మర్చిపోకండి. ఏడాదిలో ఒకసారి 3 లక్షలు, మరోసారి 4 లక్షలు ఖర్చయితే, సూపర్ టాపప్ రెండూ కూడి 5 దాటిన 2 లక్షలు ఇస్తుంది. మామూలు టాపప్ ఒక్కో బిల్లునూ విడిగా చూస్తుంది, ఏదీ 5 దాటలేదు కనుక రూపాయి రాదు. రెండు పాలసీల మొదలు తేదీ ఒకటే ఉండాలి. లేదంటే బేస్‌లో ఒక ఏడాదికి చెందిన రెండు బిల్లులు టాపప్‌లో రెండు వేర్వేరు ఏడాదుల్లో పడి డిడక్టిబుల్ నిండదు. సూపర్ టాపప్‌కు కూడా ప్రపోజల్ ఫారం విడిగా ఉంటుంది, అక్కడా అన్నీ రాయాలి. బేస్‌లో రాసి ఇక్కడ వదిలేసినవాళ్లు చాలామంది.

డబ్బు గురించి: టెస్టులు ఉన్న ప్రపోజల్‌కు ముందే కట్టనక్కర్లేని దారి ఉంది, బీమా-అస్బా అంటారు. 2025 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. యూపీఐలో మీ ఖాతాలోనే ప్రీమియం బ్లాక్ అవుతుంది. కంపెనీ ఒప్పుకుంటే తీసుకుంటుంది, లేదంటే బ్లాక్ తొలగిపోతుంది. అమ్మేవాళ్లు చెప్పకపోయినా మీరే అడగండి.

కోట్‌లో జీఎస్టీ వేసి ఉంటే అది పాత కాగితం. వ్యక్తిగత, ఫ్లోటర్ హెల్త్ పాలసీల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు. ఇంకొకటి, 60 దాటినవాళ్ల ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతం కంటే ఎక్కువ పెంచాలంటే కంపెనీ ముందుగా ఐఆర్‌డీఏఐతో (బీమా నియంత్రణ సంస్థ) సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశం వచ్చింది. "రేపు రేటు పెరుగుతుంది" అని తొందరపెట్టేవాళ్ల మాటకు బెదరకండి. పుట్టినరోజు దగ్గరపడి వయసు శ్లాబు మారుతుంటే మాత్రం ఆ తొందరకు అర్థం ఉంది.

పాలసీ_వెతుకులాట:

అందరికీ చాలా చాలా థాంక్సండీ. ఇవేవీ ఒక్కరూ చెప్పలేదు.

ఇంకో సమస్య. అమ్మ పాలసీ పోయిన వారం ఫోన్‌లోనే అయిపోయింది. కాల్‌లో థైరాయిడ్ అని స్పష్టంగా చెప్పాం. నిన్న పీడీఎఫ్ వచ్చింది, అందులో జబ్బుల ప్రశ్నలన్నింటికీ "లేదు" అని ఉంది. అడిగితే "థైరాయిడ్ మైనర్, పర్లేదు" అంటున్నారు. ఏం చేయాలి? నాన్నగారిది పూర్తిగా రిజెక్ట్ అయితే వేరే దారి ఉందా?

ఫైలు_చదువరి:

పర్లేదు అన్న మాట రాతలో ఇవ్వమనండి, ఇవ్వరు. ఇవాళే మెయిల్ పెట్టండి, ఏజెంటుకు కాదు, కంపెనీ అధికారిక చిరునామాకు, అమ్మగారి పేరున రిజిస్టరైన మెయిల్ నుంచి. పాలసీ నంబరు, కాల్ తేదీ, సమయం రాసి, "ఫలానా ఏడాది నుంచి థైరాయిడ్ ఉంది, రోజుకు ఇన్ని మైక్రోగ్రాముల మాత్ర వాడుతున్నాను, కాల్‌లో చెప్పాను, ఫారంలో తప్పుగా నమోదైంది, సరిచేసి ఎండార్స్‌మెంట్ పంపండి" అని రాయండి. ఎండార్స్‌మెంట్ అంటే పాలసీలో మార్పు చేసినట్టు కంపెనీ ఇచ్చే కాగితం. కాల్ రికార్డింగ్ భద్రపరచమని కూడా ఆ మెయిల్‌లోనే అడగండి. తాజా రిపోర్టు జతచేయండి.

పాలసీ అందిన రోజు నుంచి 30 రోజుల ఫ్రీ లుక్ ఉంది, అంటే నచ్చకపోతే పాలసీ వెనక్కి ఇచ్చే గడువు. ఎండార్స్‌మెంట్ రాకుండా ఇరవయ్యో రోజు దాటితే ఇక ఆగకుండా రద్దుకు రాయండి. కవర్ ఉన్న రోజులకు ప్రీమియం, స్టాంపు డ్యూటీ, టెస్టులు చేసి ఉంటే వాటి ఖర్చు తీసుకుని మిగతాది తిరిగిస్తారు. సరిచేసిన ఫారంతో వేరేది తీసుకోవచ్చు. థైరాయిడ్‌కు లోడింగ్ పడినా భయపడాల్సినంత ఉండదు.

ఆ పీడీఎఫ్‌తోపాటు కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అని కొన్ని పేజీలు వచ్చి ఉంటాయి. వెయిటింగ్ పీరియడ్లు, సబ్‌లిమిట్లు (ఒక్కో ఖర్చుకు విడిగా ఉండే పరిమితులు), కో-పే, ఫిర్యాదు చిరునామా అన్నీ అందులోనే ఉంటాయి. నాన్నగారికి కొనే ముందే ఆ షీట్ అడిగి తెప్పించుకోండి. ఫోన్‌లో చెప్పిందీ అందులో ఉన్నదీ వేరైతే, అందులో ఉన్నదే చెల్లుతుంది.

టాపప్_లెక్కలు:

రిజెక్ట్ అయితే దారులు ఉన్నాయి. ముందు మీ ఆఫీసు గ్రూప్ పాలసీలో తల్లిదండ్రులను చేర్చే వీలుందా అడగండి. వాటిలో చాలావరకు టెస్టులు, వెయిటింగ్ పీరియడ్ ఉండవు. ఉద్యోగం మానేసినప్పుడు అదే కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే వీలు ఉంటుంది, మానే ముందే అడగాలి.

రెండోది ఆరోగ్య సంజీవని. అన్ని కంపెనీల్లోనూ ఒకే నియమాలతో ఉండే ప్రామాణిక పాలసీ. 5 శాతం కో-పే, రూమ్ రెంట్ 2 శాతం గానీ రోజుకు 5,000 గానీ ఏది తక్కువైతే అది. గది విషయంలో పైన చెప్పిన కోత భయం ఇక్కడ ఉంది, కాబట్టి 5,000 లోపు గదికే వెళ్లాలి. దీనికీ ప్రపోజల్ పరిశీలన ఉంటుంది. ఒక కంపెనీ వద్దన్నంత మాత్రాన ఇంకో కంపెనీ వద్దనదు. కాకపోతే తర్వాతి ఫారంలో "ఎప్పుడైనా తిరస్కరించారా" అన్న ప్రశ్నకు నిజం రాయాలి. అందుకే ఒకేసారి నాలుగైదు చోట్ల పెట్టకుండా, ముందు టెస్టు రిపోర్టులు పంపి అనధికారికంగా అభిప్రాయం తీసుకోండి.

బిల్లింగ్_కౌంటర్:

పాలసీ వచ్చాక పనికొచ్చేవి నాలుగు ముక్కలు.

క్యాష్‌లెస్ (కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టడం) కాదన్నారంటే క్లెయిమ్ పోయినట్టు కాదు. బిల్లు కట్టి, ఒరిజినల్ బిల్లులు, రిపోర్టులు, సమ్మరీ పెట్టి రీయింబర్స్‌మెంట్‌కు వెళ్లొచ్చు. 2024 మే నెలలో వచ్చిన ఐఆర్‌డీఏఐ మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్‌కు గంటలోపు జవాబు రావాలి. డిశ్చార్జ్ బిల్లుకు 3 గంటల్లోపు ఆమోదం రావాలి, ఆలస్యమై ఆస్పత్రి అదనంగా వేస్తే అది కంపెనీ భరించాలి. అందుకని ఫైనల్ బిల్లు కంపెనీకి ఎన్ని గంటలకు పంపారో డెస్క్‌లో అడిగి సమయం రాసుకోండి. చాలాసార్లు ఆలస్యం ఆస్పత్రి బిల్లు పంపడంలోనే ఉంటుంది, అది ఈ 3 గంటల్లోకి రాదు.

తిరస్కరిస్తే కారణం పాలసీలో ఏ నిబంధన కిందో చూపిస్తూ రాతలో తీసుకోండి. కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారికి రాయండి, ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో పెట్టండి. 155255కి ఫోన్ చేసి కూడా నమోదు చేయించవచ్చు. 30 రోజుల్లో తేలకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదుల మీద తీర్పు చెప్పే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు, 50 లక్షల వరకు. ఫీజు లేదు, లాయరు అవసరం లేదు. తీర్పును కంపెనీ 30 రోజుల్లో అమలు చేయాలి, చేయకపోతే రోజుకు 5,000 చొప్పున మీకు కట్టాలి. అయితే అదే విషయం మీద కన్స్యూమర్ కోర్టులో కేసు వేసి ఉంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు. ఏది ముందో ఆలోచించి వెళ్లండి.

రెన్యూవల్ తేదీ మాత్రం దాటనివ్వకండి. 30 రోజుల గ్రేస్ ఉందని ఊరుకుంటారు. ఏడాదికోసారి కట్టే పాలసీలో గ్రేస్ వల్ల వెయిటింగ్ పీరియడ్ లెక్క తెగకుండా ఉంటుంది కానీ, కట్టని ఆ మధ్య రోజుల్లో జబ్బు చేస్తే కవర్ ఉండదు. కంపెనీ మారాలనుకుంటే రెన్యూవల్‌కు కనీసం 45 రోజుల ముందే పోర్టబిలిటీకి పెట్టాలి. అప్పటిదాకా గడిచిన నెలలు కొత్త కంపెనీలో కూడా లెక్కకొస్తాయి. కొత్తగా పెంచిన మొత్తానికి మాత్రం మళ్లీ మొదటి నుంచి.

పాలసీ_వెతుకులాట:

అమ్మ పాలసీకి మెయిల్ ఇప్పుడే పెట్టేశాను, రికార్డింగ్ కూడా అడిగాను. నాన్నగారి పాత ప్రిస్క్రిప్షన్లలో షుగర్ మొదటిది దొరికింది, 2021ది. బీపీది ఇంకా వెతుకుతున్నాం. అది దొరకకపోతే ఎలా?

ఫైలు_చదువరి:

బీపీ మొదట చూసిన డాక్టర్ ఇంకా ప్రాక్టీసులో ఉంటే ఆయన రికార్డు చూసి సర్టిఫికెట్ ఇవ్వగలరు. లేదంటే మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే పాతది జతచేసి, ఫారంలో "సుమారు తొమ్మిదేళ్లు" అని నిజాయితీగా రాయండి. తక్కువ చేసి రాస్తేనే ప్రమాదం. సంతకం పెట్టిన ఫారం కాపీ మెయిల్‌లో తెప్పించుకుని, ప్రతి జవాబూ మీరు చెప్పినట్టే ఉందో లేదో చూశాకే డబ్బు కట్టండి.